చిన్న కార్ కెమెరాకి పవర్ సప్లై డిజైన్ చేయడం ఎలా: కేబుల్ దగ్గర మొదలుపెట్టండి

కార్ వెనకాల, అద్దాల కింద, బంపర్‌లో బిగించే కెమెరాలు అరచేతిలో ఓ మూలకి సరిపోతాయి. లెన్స్ వెనక ఒక్కో వైపు 20 మిల్లీమీటర్లు ఉండే బోర్డు ఒకటో రెండో ఉంటాయి, వాటి మీదే ఇమేజ్ సెన్సర్, దాని వీడియోని కేబుల్ మీద పంపేలా మార్చే సీరియలైజర్ చిప్, ఆ రెండింటికీ కరెంట్ ఇచ్చే పవర్ సప్లై అన్నీ సర్దుకోవాలి. చాలామంది పవర్ సప్లైని చివర్లో, మిగిలిన చోట ఇరికిస్తారు. అలా చేస్తే ఓసిలోస్కోప్‌లో అన్ని వోల్టేజీలూ శుభ్రంగానే కనిపిస్తాయి, చిత్రంలో మాత్రం అడ్డంగా చారలు వస్తాయి. లేదా ఎండలో రెండు గంటలు నిలబడ్డ కార్‌లో కెమెరా అసలు ఆన్ అవదు.

ఈ రెండు జబ్బులకీ మందు ఒకటే. డిజైన్‌ని కన్వర్టర్ చిప్ దగ్గర కాకుండా కేబుల్ దగ్గర మొదలుపెట్టి, చిత్రం దగ్గర ముగించాలి. మధ్యలో వచ్చే ప్రతి నిర్ణయానికీ రెండే ప్రశ్నలు: దీనివల్ల సెన్సర్ ఎంత వేడెక్కుతుంది, దీనివల్ల చిత్రంలో ఎంత గోల (నాయిస్) చేరుతుంది. కింద చెప్పేదంతా ఒకే కోయాక్స్ కేబుల్ (మధ్యలో తీగ, చుట్టూ షీల్డ్ ఉండేది) మీద పవర్, వీడియో, కంట్రోల్ మూడూ నడిచే కెమెరా గురించి. ఇప్పుడు ఎక్కువగా వాడేది అదే పద్ధతి. బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు తీసుకునే కెమెరా అయితే లోడ్ డంప్ (బ్యాటరీ ఊడినప్పుడు వోల్టేజీ ఎగరడం), కోల్డ్ క్రాంక్ (చలిలో ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ పడిపోవడం) లాంటి ఐఎస్‌ఓ 16750-2 పరీక్షల బరువంతా ఈ చిన్న బోర్డు మీదే పడుతుంది, అది వేరే కథ. కోయాక్స్ పద్ధతిలో ఆ కష్టం చాలావరకు కేబుల్ అవతలి కొసలోని ఈసీయూ (కార్ కంట్రోల్ కంప్యూటర్) పడుతుంది.

1. ముందు కాగితం మీద లెక్క వేయండి

సెన్సర్ డేటాషీట్, సీరియలైజర్ డేటాషీట్ పక్కపక్కన పెట్టుకుని ఏ వోల్టేజీకి గరిష్ఠంగా ఎంత కరెంట్ కావాలో రాసుకోండి. టిపికల్ అని రాసిన అంకె కాదు, గరిష్ఠం అని రాసింది, అదీ వేడిలో. మామూలుగా మూడు రకాల వోల్టేజీలు కావాలి: సెన్సర్ అనలాగ్ భాగానికి 2.8 నుంచి 3.3 వోల్టుల మధ్య ఒకటి, ఐఓకి, సీరియలైజర్‌కి 1.8 వోల్టులు, సెన్సర్ డిజిటల్ కోర్‌కి 1.1 లేదా 1.2 వోల్టులు.

ఒక ఉదాహరణ పట్టుకుందాం, చివరిదాకా ఇదే వాడతాను. 2.8 వోల్టుల దగ్గర 80 మిల్లీఆంపియర్లు, 1.8 దగ్గర సెన్సర్, సీరియలైజర్ కలిపి 240, 1.2 దగ్గర 300 అనుకోండి. గుణించి కలిపితే దాదాపు 1.02 వాట్లు.

ఇప్పుడు కన్వర్టర్ల నష్టాలు. కేబుల్ వోల్టేజీని ముందు ఒక బక్ కన్వర్టర్‌తో (స్విచింగ్ చేసి వోల్టేజీ దించేది) 3.3కి దించి, అక్కడి నుంచి రెండు చిన్న బక్‌లతో 1.8, 1.2 తీసి, 2.8ని మాత్రం ఎల్‌డీఓతో (స్విచింగ్ లేకుండా, మిగులు వోల్టేజీని వేడిగా కాల్చి దించే రెగ్యులేటర్) తీస్తాం అనుకుందాం. 1.8 బక్‌కి 88 శాతం, 1.2 బక్‌కి 85 శాతం సామర్థ్యం వేసుకుంటే 3.3 మీద 1.18 వాట్లు, అంటే సుమారు 360 మిల్లీఆంపియర్లు పడతాయి. మొదటి బక్‌కి కూడా 85 శాతం వేస్తే కెమెరా లోపలికి రావాల్సింది దాదాపు 1.39 వాట్లు.

ఈ 1.39 వాట్లలో కేబుల్ మీద బయటికి వెళ్ళే సిగ్నల్ చాలా కొంచెం, మిగతాదంతా ఆ చిన్న డబ్బాలోనే వేడిగా మారుతుంది. డబ్బా నుంచి బయటికి వాట్‌కి 25 డిగ్రీల ఉష్ణ నిరోధం ఉందనుకుంటే బయట ఎంత ఉంటే దానికన్నా 35 డిగ్రీలు ఎక్కువ. బయట 85 అయితే లోపల 120. సెన్సర్‌లో డార్క్ కరెంట్ (వెలుతురు లేకపోయినా పిక్సెళ్ళలో పుట్టే కరెంట్) ప్రతి 6 నుంచి 8 డిగ్రీలకి రెట్టింపు అవుతుంది కాబట్టి 0.3 వాట్ మిగిల్చినా చీకటి చిత్రంలో తేడా కంటికి తెలుస్తుంది. అందుకే "స్విచింగ్ వద్దు, గోల వస్తుంది, అన్నీ ఎల్‌డీఓలే పెడదాం" అనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. 1.2 వోల్టులని 3.3 నుంచి ఎల్‌డీఓతో తీస్తే అది ఒక్కటే 0.63 వాట్ కాల్చేస్తుంది.

2. కేబుల్ ఎంత మింగుతుందో చూడండి

అన్నిటికన్నా ఎక్కువ డిజైన్లు దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ తొందర పడకండి.

కేబుల్ లోపలి తీగ, షీల్డ్, రెండు కొసల్లోని ఇండక్టర్లు, ఫెర్రైట్ బీడ్లు (పై పౌనఃపున్యాలని ఆపే చిన్న విడిభాగాలు), కనెక్టర్లు అన్నిటి రెసిస్టెన్స్ కలిపి 4 ఓములు అనుకోండి. పొడవాటి సన్న కోయాక్స్‌కి ఇది అసాధ్యమైన అంకె కాదు. మీ కేబుల్‌కి ఎంతో మీరే కొలవండి, కొలవడం నిమిషం పని. ఇప్పుడు ఈసీయూ 9 వోల్టులు పంపితే కెమెరా దగ్గరికి ఎంత చేరుతుంది? కన్వర్టర్ మామూలు రెసిస్టర్ లాంటిది కాదు. వోల్టేజీ తగ్గితే అదే పవర్ కోసం కరెంట్ ఎక్కువ లాగుతుంది, దాంతో కేబుల్‌లో ఇంకా పడిపోతుంది, అప్పుడు ఇంకా లాగుతుంది. కాబట్టి వర్గ సమీకరణం వేయాలి: కెమెరా వోల్టేజీ వర్గంలోంచి, పంపిన వోల్టేజీ, కెమెరా వోల్టేజీల లబ్ధాన్ని తీసేసి, పవర్, రెసిస్టెన్స్‌ల లబ్ధాన్ని కలిపితే సున్నా రావాలి. 9 వోల్టులకి జవాబు 8.33 వోల్టులు, 166 మిల్లీఆంపియర్లు. హాయిగా ఉంది.

అదే 5 వోల్టులు పంపితే? జవాబు 3.34 వోల్టులు. దాని నుంచి బక్‌తో 3.3 తీయడం కుదరదు. ఇదీ గది ఉష్ణోగ్రతలో. రాగి రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 25 నుంచి 105 డిగ్రీలకి వెళ్తే 31 శాతం, అంటే 4 ఓములు 5.2 అవుతాయి. 5 వోల్టుల మూలం నుంచి 5.2 ఓముల గుండా లాగగలిగిన గరిష్ఠ పవర్, వోల్టేజీ వర్గాన్ని నాలుగు రెట్ల రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చేది, 1.2 వాట్లు. మనకి కావాల్సింది 1.39. అంటే సమీకరణానికి జవాబే లేదు. కెమెరా లేస్తుంది, పడిపోతుంది, మళ్ళీ లేస్తుంది. టేబుల్ మీద అరమీటర్ కేబుల్‌తో చక్కగా పనిచేసిన కెమెరా కార్‌లో ఎండకి చచ్చిపోయే రహస్యం ఇదే. ఒకసారి ఇలాంటి బోర్డు చేతిలో పెట్టుకుని రెండు వారాలు సెన్సర్ సాఫ్ట్‌వేర్ వెతికాను, చివరికి మల్టీమీటర్ కెమెరా కొస దగ్గర పెడితే పది నిమిషాల్లో తేలింది.

కాబట్టి ఈసీయూ వాళ్ళతో మాట్లాడి కోయాక్స్ మీద 8 నుంచి 12 వోల్టుల మధ్య తీసుకోండి. కన్వర్టర్ మాత్రం అంతకన్నా బాగా ఎక్కువ తట్టుకునేది ఎంచుకోండి. కేబుల్‌ని వేడిగా ఉన్నప్పుడే తగిలిస్తే దాని ఇండక్టెన్స్, మీ ఇన్‌పుట్ సిరామిక్ కెపాసిటర్ కలిసి ఊగి, వోల్టేజీ క్షణం పాటు దాదాపు రెట్టింపు దాకా పోగలదు. వేడి అన్నది కరెంట్ ఉన్న కేబుల్ గురించి, ఉష్ణోగ్రత గురించి కాదు. ఈ ఊగుడు పొడవాటి కేబుల్‌లో కొంత తగ్గుతుంది, దాని రెసిస్టెన్సే బ్రేక్ వేస్తుంది. పొట్టి కేబుల్‌లో ఆ బ్రేక్ ఉండదు, అందుకే రెండు పొడవుల్లోనూ పరీక్షించాలి.

3. సిగ్నల్‌నీ పవర్‌నీ విడదీసే ఫిల్టర్

ఒకే తీగ మీద కెమెరా నుంచి గిగాబిట్ల వీడియో వెళ్తుంది, అవతలి నుంచి మెగాబిట్ల కంట్రోల్ వస్తుంది, అడుగున డీసీ పవర్ ఉంటుంది. ఫిల్టర్ పని ఒకటే: డీసీని పోనివ్వాలి, కొన్ని మెగాహెర్ట్జ్ నుంచి గిగాహెర్ట్జ్ దాకా ఉన్న సిగ్నల్‌కి మాత్రం తాను అక్కడ లేనట్టే కనిపించాలి. లైన్ ఇంపీడెన్స్ 50 ఓములు, కాబట్టి ఆ పరిధి అంతటా ఫిల్టర్ ఇంపీడెన్స్ 1 కిలో ఓమ్‌కి పైన ఉండేలా చూసుకోండి.

ఒక్క ఇండక్టర్‌తో ఇంత వెడల్పు పరిధి కుదరదు. పెద్ద ఇండక్టర్ తన సొంత రెజొనెన్స్ దాటాక కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. అందుకే కింది పౌనఃపున్యాలకి 10 మైక్రోహెన్రీ లాంటి ఇండక్టర్, పైవాటికి వరసగా రెండు మూడు ఫెర్రైట్ బీడ్లు పెడతారు. ఖచ్చితమైన వరస మీ సీరియలైజర్ తయారీదారు ఇచ్చినదే వాడండి, ఇక్కడ సొంత ప్రయోగాలు వద్దు.

ఒక్క విషయం మాత్రం మీరే చూసుకోవాలి. బీడ్ డేటాషీట్‌లో పెద్ద అక్షరాల్లో రాసే ఇంపీడెన్స్ కరెంట్ లేనప్పటిది. 166 మిల్లీఆంపియర్లు పోతున్నప్పుడు అది ఎంతకి పడిపోతుందో వేరే గ్రాఫ్‌లో ఉంటుంది, లేకపోతే అడిగి తెప్పించుకోండి. గది ఉష్ణోగ్రతలో లింక్ బాగుండి, కెమెరా పూర్తి వేగంతో నడిచేటప్పుడు ఫ్రేములు రాలిపోతుంటే మొదట అనుమానించాల్సింది ఈ బీడ్లనే.

లేఅవుట్‌లో అతి చిన్న బీడ్‌ని సిగ్నల్ ట్రాక్‌కి ఆనించి పెట్టండి, మధ్యలో తోకలాంటి ట్రాక్ ముక్క ఉండకూడదు. దాని ప్యాడ్ కింద గ్రౌండ్ రాగిని కొంత తీసేస్తే కెపాసిటెన్స్ తగ్గుతుంది.

4. రెండు అంచెలు, 2 మెగాహెర్ట్జ్ పైన

మొదటి బక్ స్విచింగ్ పౌనఃపున్యం 2.2 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పెట్టుకోండి. కార్‌లో ఏఎం రేడియో ఉంటుంది, దాని బ్యాండ్ 1.7 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, అక్కడ గోల చేస్తే సిస్పర్ 25 అనే రేడియో అంతరాయ పరీక్షలో తప్పుతారు. పైగా ఎక్కువ పౌనఃపున్యం అంటే చిన్న ఇండక్టర్. మన ఉదాహరణలో 9 నుంచి 3.3కి, 0.2 ఆంపియర్ రిపుల్ (స్విచింగ్‌తో వచ్చే ఎగుడుదిగుడు) అనుకుంటే 4.7 మైక్రోహెన్రీ సరిపోతుంది.

కేబుల్ వోల్టేజీ నుంచి నేరుగా 1.2కి ఎందుకు దించకూడదు అని అడుగుతారు. 18 వోల్టుల దాకా తట్టుకోవాలనుకుంటే, 2.2 మెగాహెర్ట్జ్ దగ్గర 1.2 వోల్టులకి స్విచ్ తెరుచుకుని ఉండాల్సిన సమయం 30 నానోసెకన్లు. చాలా చిప్‌లు అంత చిన్న పల్స్ ఇవ్వలేక మధ్యమధ్యలో పల్స్ వదిలేస్తాయి, అప్పుడు మీరు జాగ్రత్తగా ఎంచుకున్న పౌనఃపున్యం చెదిరి ఏఎం బ్యాండ్‌లోకి జారుతుంది. అదే 3.3కి అయితే 83 నానోసెకన్లు, ఇబ్బంది లేదు. తక్కువ లోడ్‌లో పల్స్ స్కిప్ చేసే మోడ్ ఉంటే దాన్ని కూడా ఆపేయండి, ఎప్పుడూ స్థిరమైన పౌనఃపున్యమే.

మూడు బక్‌లు, ఎల్‌డీఓ, వోల్టేజీ మానిటర్లు అన్నీ కలిపిన కెమెరా పీఎంఐసీలు (పవర్ మేనేజ్‌మెంట్ చిప్‌లు) దొరుకుతున్నాయి. చోటు లేనప్పుడు నేను వాటికే ఓటేస్తాను, ఎందుకంటే లోపలి బక్‌లన్నీ ఒకే క్లాక్ మీద నడుస్తాయి. వేరువేరు చిప్‌లు అయితే ఒకటి 2.20, ఇంకోటి 2.18 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచి, వాటి తేడా 20 కిలోహెర్ట్జ్ గోలగా పుడుతుంది. దాన్ని ఏ ఫిల్టరూ సులువుగా పట్టుకోలేదు.

5. అనలాగ్ 2.8: చారలు పుట్టేది ఇక్కడే

సెన్సర్ చిత్రాన్ని వరస తర్వాత వరసగా చదువుతుంది. ఒక వరసలోని పిక్సెళ్ళన్నీ ఒకే క్షణంలో కొలుస్తారు. ఆ క్షణంలో అనలాగ్ సప్లై కొంచెం పైకి లేస్తే వరస మొత్తం ఒకేలా మారుతుంది. విడివిడి పిక్సెళ్ళ గోలని కన్ను క్షమిస్తుంది, గీతని క్షమించదు. వరస గోల పిక్సెల్ గోలలో పదోవంతుకి మించితే చార కనపడుతుందని ఈ పని చేసేవాళ్ళ అంచనా.

సెకనుకి 30 ఫ్రేములు, ఫ్రేముకి బ్లాంకింగ్‌తో (ఫ్రేముల మధ్య ఖాళీ వరసలు) కలిపి 1,100 వరసలు అనుకోండి. అంటే సెకనుకి 33,000 వరసలు. 2.2 మెగాహెర్ట్జ్ రిపుల్‌ని ఈ వేగంతో కొలిస్తే ఆ రిపుల్ 11 కిలోహెర్ట్జ్‌గా మడతపడి, ప్రతి మూడు వరసలకి ఒకసారి తిరిగి వచ్చే చారగా కనిపిస్తుంది. బక్ పౌనఃపున్యం ఒక్క శాతం తగ్గి 2.178 మెగాహెర్ట్జ్ అయితే, అది వరసల వేగానికి సరిగ్గా 66 రెట్లు, చార మాయం. ఇంకొంచెం జరిగితే లావుపాటి పట్టీలు మెల్లగా పాకుతాయి. బోర్డు వేడెక్కేకొద్దీ చారల రూపం మారుతుంటే అది లెన్స్ తప్పూ కాదు, సాఫ్ట్‌వేర్ తప్పూ కాదు, ఇదే.

ఏం చేయాలి? ఎల్‌డీఓ ఎంచుకునేటప్పుడు 1 కిలోహెర్ట్జ్ దగ్గర రాసిన పీఎస్‌ఆర్‌ఆర్ (ఇన్‌పుట్ గోలని ఎంత అణుస్తుందో చెప్పే అంకె) చూసి మురిసిపోకండి. 10 కిలోహెర్ట్జ్ నుంచి 3 మెగాహెర్ట్జ్ దాకా గ్రాఫ్ చూడండి. 2.2 మెగాహెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ మాత్రమే ఇచ్చే ఎల్‌డీఓకి 10 మిల్లీవోల్టుల రిపుల్ ఇస్తే 0.3 మిల్లీవోల్ట్ అవతలికి వెళ్తుంది. ఒక వోల్ట్ పరిధిని 12 బిట్లతో కొలిచే సెన్సర్‌లో ఒక మెట్టు 0.25 మిల్లీవోల్ట్. సెన్సర్ తనంతట తాను కొంత అణుస్తుంది, కానీ పూర్తిగా దాని మీదే భారం వేయకండి. ఎల్‌డీఓ ముందు ఒక ఫెర్రైట్ బీడ్, కెపాసిటర్ పెడితే పై పౌనఃపున్యాల పని తేలికవుతుంది. కింది పౌనఃపున్యాలు ఎల్‌డీఓ చూసుకుంటుంది.

ఎల్‌డీఓకి ఇన్‌పుట్, అవుట్‌పుట్ మధ్య తగినంత ఎడం ఉండాలి. మన లెక్కలో 0.5 వోల్ట్ ఉంది, బాగుంది. అదే సెన్సర్‌కి 3.3 వోల్టుల అనలాగ్ కావాలంటే మధ్య వోల్టేజీని 3.7 దగ్గరికి పెంచాల్సి వస్తుంది. ఎడం తగ్గిన ఎల్‌డీఓ వోల్టేజీ సరిగ్గానే చూపిస్తుంది కానీ గోలని అణచడం మానేస్తుంది, అందుకే ఈ తప్పు మల్టీమీటర్‌కి దొరకదు.

స్ప్రెడ్ స్పెక్ట్రమ్ గురించి ఒక మాట. ఈఎంఐ (విద్యుదయస్కాంత అంతరాయం) పరీక్ష గట్టెక్కడానికి అది బాగా పనికొస్తుంది, అందుకని కళ్ళు మూసుకుని ఆన్ చేసేస్తారు. అది స్విచింగ్ పౌనఃపున్యాన్ని కొన్ని కిలోహెర్ట్జ్ నుంచి కొన్ని పదుల కిలోహెర్ట్జ్ వేగంతో ఊపుతుంది, అంటే సరిగ్గా మన వరసల వేగం ఉన్న చోట. ఆన్ చేశాక తప్పకుండా చీకటి చిత్రం మళ్ళీ తీసి చూడండి.

6. కెపాసిటర్లు, మిగతా విడిభాగాలు

సిరామిక్ కెపాసిటర్ మీద రాసిన విలువని నమ్మకండి. చిన్న సైజులో 10 మైక్రోఫారడ్ అని కొన్నది 9 వోల్టుల కింద సగమో, అంతకన్నా తక్కువో మిగలొచ్చు. తయారీదారు ఇచ్చే డీసీ బయాస్ గ్రాఫ్‌లో మిగిలిన విలువతోనే స్థిరత్వం లెక్క వేయండి. విడిభాగాలు ఏఈసీ-క్యూ200, చిప్‌లు ఏఈసీ-క్యూ100 (కార్లలో వాడే భాగాల ప్రమాణాలు) అర్హత ఉన్నవే. గ్రేడ్ 2 అంటే 105 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత. ఇందాకటి 120 లెక్క గుర్తుంటే గ్రేడ్ 1 ఎందుకు కావాల్సి రావచ్చో అర్థమవుతుంది. బోర్డు వంగే చోట, స్క్రూల పక్కన మెత్తని టర్మినేషన్ ఉన్న కెపాసిటర్లు వాడండి. పగిలిన సిరామిక్ షార్ట్ అవ్వొచ్చు.

7. ఆన్ అయ్యే వరస

ఏ వోల్టేజీ ముందు రావాలో సెన్సర్ డేటాషీట్ చెప్తుంది, ఒక్కో సెన్సర్‌ది ఒక్కో పద్ధతి. ఒక కన్వర్టర్ పవర్ గుడ్ (వోల్టేజీ నిలబడిందని చెప్పే) సిగ్నల్‌ని తర్వాతి దాని ఎనేబుల్‌కి కలిపి గొలుసు వేయండి, రీసెట్‌ని మాత్రం అన్నీ నిలబడేదాకా కిందే పట్టి ఉంచండి. సీరియలైజర్ ముందు లేవాలి, సెన్సర్‌కి వెళ్ళే ఆదేశాలు దాని గుండానే వెళ్తాయి.

ఆఫ్ అయ్యేటప్పుడు జరిగేది కూడా చూడండి. కెపాసిటర్లలో 0.4 వోల్ట్ మిగిలి ఉండగానే మళ్ళీ ఆన్ చేస్తే సెన్సర్ సగం మేల్కొని బిగుసుకుపోవచ్చు. అవుట్‌పుట్ డిస్చార్జ్ ఉన్న కన్వర్టర్లు ఎంచుకుంటే ఈ టెన్షన్ ఉండదు. వెనుక కెమెరా అయితే సమయం కూడా ముఖ్యం: అమెరికా ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 111 నిబంధన ప్రకారం రివర్స్ మొదలైన 2 సెకన్లలోపు చిత్రం రావాలి. అందులో పవర్ సప్లైకి దొరికేది కొన్ని మిల్లీసెకన్లే అనుకుని సాఫ్ట్ స్టార్ట్ (వోల్టేజీని మెల్లగా పైకి తెచ్చే సమయం) పెట్టుకోండి.

బ్రేకింగ్ లాంటి నిర్ణయాలకి చిత్రం వాడితే ఐఎస్‌ఓ 26262 అనే భద్రతా ప్రమాణం వస్తుంది. అప్పుడు ప్రతి వోల్టేజీకీ ఎక్కువ, తక్కువ రెండూ పట్టే మానిటర్ కావాలి, దాని రిఫరెన్స్ కన్వర్టర్ రిఫరెన్స్ నుంచి వేరుగా ఉండాలి. లేకపోతే రిఫరెన్స్ జారినప్పుడు దొంగా కాపలావాడూ ఒకరే అవుతారు.

8. లేఅవుట్

రెండు బోర్డులు ఉంటే సెన్సర్ ముందు బోర్డు మీద, బక్‌లు వెనక బోర్డు మీద. ఎల్‌డీఓ మాత్రం సెన్సర్ పక్కనే, ముందు బోర్డు మీదే ఉండాలి, బోర్డుల మధ్య కనెక్టర్‌లో పట్టిన గోలని కూడా అదే అణచాలి కాబట్టి. బక్ ఇన్‌పుట్ కెపాసిటర్‌ని చిప్ పిన్‌లకి ఆనించండి, స్విచ్ నోడ్ రాగి ఎంత చిన్నదైతే అంత మంచిది, ఇండక్టర్ షీల్డ్ ఉన్నదే. దాని కింద తెగని గ్రౌండ్ పొర. వేడికి దారి సెన్సర్ వైపు కాకుండా వెనక డబ్బా లోహం వైపు ఇవ్వండి, థర్మల్ ప్యాడ్ అక్కడే పెట్టండి.

9. పరీక్ష

ముందు లెన్స్‌కి మూత పెట్టి, అనలాగ్ గెయిన్ గరిష్ఠానికి పెంచి, వంద చీకటి ఫ్రేములు తీయండి. ప్రతి ఫ్రేములో ఒక్కో వరసకి సగటు తీసి, మారని భాగాన్ని తీసేసి, మిగిలిన వరసల విలువలకి ఎఫ్‌ఎఫ్‌టీ (ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే లెక్క) వేయండి. ఏదైనా శిఖరం కనిపిస్తే అది ఏ కన్వర్టర్‌దో పట్టుకోవడానికి ఒక్కో బక్ పౌనఃపున్యాన్ని కొంచెం జరిపి చూడండి, శిఖరం కదిలితే దొంగ దొరికినట్టే. ఈ పరీక్ష ఖరీదైన ప్రోబ్‌ల కన్నా సున్నితమైనది, ఎందుకంటే కొలిచేది సెన్సరే.

తర్వాత అతి పొడవైన కేబుల్‌తో, అతి తక్కువ సోర్స్ వోల్టేజీతో, అత్యధిక ఉష్ణోగ్రతలో ఆన్ చేయండి. ఒకసారి కాదు, వందసార్లు, మధ్యలో 10 మిల్లీసెకన్ల నుంచి సెకను దాకా వేరువేరు విరామాలు ఇస్తూ. సోర్స్ వోల్టేజీని మెల్లగా సున్నా నుంచి పైకి, పై నుంచి కిందికి తీసుకెళ్ళి కన్వర్టర్ ఎక్కడైనా ఆన్ ఆఫ్ అంటూ ఊగుతుందేమో చూడండి. ఊగితే అండర్ వోల్టేజీ లాకౌట్ (వోల్టేజీ చాలనప్పుడు కన్వర్టర్‌ని ఆపేది) ఆన్, ఆఫ్ మెట్ల మధ్య ఎడం పెంచాలి, ఆ ఎడం కేబుల్‌లో పడిపోయే వోల్టేజీ కన్నా ఎక్కువ ఉండాలి. మన ఉదాహరణలో మామూలుగా 0.67 వోల్ట్ పడుతుంది, వేడిలో దాదాపు 0.9, కాబట్టి ఒక వోల్ట్ పైన పెట్టుకోండి.